బెంగాల్ కరువులో ఒక ఫంగస్ వాటా ఎంత?



1943 బెంగాల్ కరువు అనగానే మనలో చాలామందికి ఒకటే పేరు గుర్తొస్తుంది. చర్చిల్. ఆయన మీద వీడియోలు, థ్రెడ్లు, వాట్సాప్ ఫార్వర్డులు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ వాదనలో పస ఉంది, దాని దగ్గరికి కూడా వస్తాం. కానీ ఇవాళ్టి ఎపిసోడ్‌లో, ఆ వీడియోల్లో దాదాపు ఎప్పుడూ కనిపించని ఇంకో పాత్ర గురించి మాట్లాడుకుందాం. వరి ఆకు మీద నువ్వుగింజంత మచ్చ పెట్టే ఒక ఫంగస్ అది.

ప్రశ్న సింపుల్. 1942 చివర్లో బెంగాల్ పొలాల్లో వరి నిజంగా పోయిందా? పోతే ఎంత పోయింది? ఈ ఒక్క ప్రశ్న మీద చరిత్రకారులు, ఎకనామిస్టులు, మొక్కల జబ్బులు చదివే సైంటిస్టులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. వాతావరణం మారిపోతున్న ఈ రోజుల్లో ఆ వాదన మనకి బాగా పనికొస్తుంది. ఎలాగో చూద్దాం.

ముందు 1942లో ఏం జరిగింది

ఆ ఏడాది మార్చిలో రంగూన్ జపాన్ చేతిలోకి వెళ్లిపోయింది. బర్మా నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. జపాన్ సైన్యం బెంగాల్ మీదకి కూడా వస్తుందేమోనని బ్రిటిష్ ప్రభుత్వం ఒక విచిత్రమైన పని చేసింది. శత్రువు చేతికి ఏమీ దొరక్కూడదని, తీరప్రాంత జిల్లాల్లో మిగులు బియ్యాన్ని కొనేసి తరలించింది. పది మందికి పైగా ఎక్కగలిగే వేల పడవల్ని స్వాధీనం చేసుకుంది, కొన్నింటిని పాడుచేసింది. బెంగాల్ డెల్టాలో పడవ అంటే మన దగ్గర బండి లాంటిది. చేపలు పట్టాలన్నా, ధాన్యం సంతకి తీసుకెళ్లాలన్నా, అవతలి ఒడ్డున ఉన్న పొలానికి వెళ్లాలన్నా అదే దిక్కు.

ఇంతలో అక్టోబర్ 16న, దుర్గాపూజ రోజుల్లో, మిడ్నపూర్ తీరాన్ని పెద్ద తుపాను కొట్టింది. సముద్రం ఊళ్ల మీదకి వచ్చింది. తర్వాత వేసిన ప్రభుత్వ విచారణ కమిషన్ లెక్క ప్రకారం సుమారు 14,500 మంది మనుషులు, 1,90,000 పశువులు చనిపోయాయి.

ఆ టైమ్‌లో పొలంలో ఉన్న పంట పేరు అమన్. బెంగాల్‌లో ప్రధానమైన వరి పంట అదే. వానల మొదట్లో వేసి నవంబర్, డిసెంబర్‌లో కోస్తారు. అంటే సుమారుగా మన కోస్తా సార్వా పంట క్యాలెండరే. తుపాను వచ్చేసరికి కొన్ని చేలు పొట్ట మీద ఉన్నాయి, కొన్ని ఈనుతున్నాయి. వరికి అది నిండు గర్భిణి దశ లాంటిది. ఏ దెబ్బ తగిలినా గింజ మీద పడుతుంది.

నువ్వుగింజ మచ్చ

ఇప్పుడు మన ఫంగస్ దగ్గరికి వద్దాం. అప్పట్లో దాని పేరు హెల్మింథోస్పోరియమ్ ఒరైజీ. ఇప్పుడు బైపోలారిస్ ఒరైజీ అంటున్నారు. అది తెచ్చే జబ్బుని మన రైతులు, వ్యవసాయ అధికారులు గోధుమ రంగు మచ్చ తెగులు అంటారు. ఆకు మీద కోలగా, గోధుమ రంగులో చిన్న చిన్న మచ్చలు వస్తాయి. జపాన్‌లో అయితే ఈ తెగులు పేరులోనే నువ్వులు ఉన్నాయి. మచ్చ ఆకారం అలా ఉంటుంది కాబట్టి.

ఇది విత్తనంలో దాక్కుంటుంది, గడ్డిలో బతుకుతుంది, గాలిలో ఎగురుతుంది. కానీ ఆకు మీద పడిన ప్రతి బీజాణువూ మొలకెత్తలేదు. దానికి కొన్ని కండిషన్లు ఉన్నాయి. ఆకు కనీసం ఎనిమిది గంటలైనా తడిగా ఉండాలి. గాలిలో తేమ బాగా ఉండాలి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి ఉంటే దానికి పండగే. మబ్బు పట్టి ఎండ రాకపోతే ఆకు ఆరదు, అది ఇంకా కలిసొస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎరువు లేని, సారం తగ్గిన నేలలో, నీళ్లకి కటకటలాడిన పొలంలో ఈ తెగులు ఎక్కువ చెలరేగుతుంది. అందుకే దీన్ని పేదవాడి పొలం తెగులు అన్నట్టుగా చెప్పుకుంటారు.

దీని వల్ల ఆకులు ఎండిపోవడం ఒక ఎత్తు, గింజ తాలు అయిపోవడం ఇంకో ఎత్తు. కంకి బయటికి వస్తుంది. దూరం నుంచి చూస్తే చేను చేనులాగే ఉంటుంది. కోసి, నూర్చి, తూర్పారబట్టాకే తెలుస్తుంది, సగం పొట్టే అని. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

ఢాకా దారిలో ఒక సైంటిస్టు

1943 అక్టోబర్. ఎస్.వై. పద్మనాభన్ అనే యువ శాస్త్రవేత్త బెంగాల్‌లో ఫంగస్‌ల నిపుణుడిగా కొత్త ఉద్యోగంలో చేరడానికి ఢాకా వెళ్తున్నారు. బ్రహ్మపుత్ర రేవు నుంచి ఢాకా దాకా దారి పొడవునా శవాలు, చావుకి దగ్గరైన మనుషులు కనిపించారని ఆయన తర్వాత రాశారు. ఆయన తర్వాతి రోజుల్లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకి డైరెక్టర్ అయ్యారు. ఆ సంస్థ పుట్టింది 1946లో, అంటే కరువు గాయం ఇంకా ఆరకముందే.

ముప్పై ఏళ్ల తర్వాత, 1973లో, పద్మనాభన్ బెంగాల్ మహా కరువు మీద ఒక పరిశోధనా వ్యాసం రాశారు. అందులో ఆయన చేసింది ఏంటంటే, బాంకురా, చిన్సురా అనే రెండు వరి పరిశోధన కేంద్రాల రికార్డులు తీశారు. ఒకే రకం వరి 1941లో ఎంత పండింది, 1942లో ఎంత పండింది అని పక్కపక్కన పెట్టి చూశారు. చాలా రకాల్లో దిగుబడి సగానికి పైగా పడిపోయింది. కొన్ని రకాల్లో నష్టం 90 శాతం దాకా వెళ్లింది. త్వరగా కోతకొచ్చే రకాలు కొంత తప్పించుకున్నాయి. ఆలస్యంగా ఈనేవి దొరికిపోయాయి.

ఆయన వాతావరణం రికార్డులు కూడా చూశారు. 1942లో పంట ఈనే రెండు నెలలూ ఉష్ణోగ్రత ఫంగస్‌కి సరిపడా 20, 30 డిగ్రీల మధ్యే తిరిగింది. రాత్రుళ్లు మామూలు కంటే వెచ్చగా ఉన్నాయి. మబ్బులు విడవలేదు. నవంబర్‌లో కూడా వాన పడింది. ఏటా ఉండే ఫంగసే, ఏటా ఉండే వరే. ఆ ఏడు మాత్రం వాటి మధ్య ఉన్న గాలి, తడి, వెచ్చదనం మారాయి.

మొక్కల జబ్బుల సైన్స్‌లో దీన్ని ఒక త్రిభుజంలా గీస్తారు. ఒక మూల మొక్క, ఒక మూల జబ్బు చేసే జీవి, మూడో మూల వాతావరణం. మూడూ ఒకేసారి కలిస్తేనే తెగులు. దీనికి ప్రూఫ్ కూడా బెంగాల్‌లోనే ఉంది. 1943 డిసెంబర్‌లో వచ్చిన అమన్ పంట చాలా బాగా పండింది. ఆ విత్తనాల్లో, ఆ గడ్డిలో ఫంగస్ ఎక్కడికీ పోలేదు. మూడో మూల కలిసిరాలేదు, అంతే.

పదహారణాల లెక్క

ఇప్పుడు రెండో పార్టీ వాదన వినాలి. అమర్త్య సేన్, బెంగాల్ కరువు నాటికి తొమ్మిదేళ్ల పిల్లాడు, కళ్లారా చూశాడు. 1981లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ప్రభుత్వ లెక్కలు తీసి ఒక మాట అన్నారు. 1943లో బెంగాల్‌లో ఉన్న తిండి అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే సుమారు 5 శాతమే తక్కువ. 1941తో పోలిస్తే అసలు 13 శాతం ఎక్కువ. మరి 1941లో కరువు రాలేదు కదా? కాబట్టి సమస్య తిండి లేకపోవడం కాదని, దాన్ని కొనుక్కునే శక్తి జనం చేతిలోంచి జారిపోవడమని ఆయన తేల్చారు.

చాలా పవర్‌ఫుల్ వాదన ఇది. కరువుల మీద ప్రపంచం ఆలోచించే తీరునే మార్చేసింది.

2003లో మార్క్ టాగర్ అనే అమెరికన్ చరిత్రకారుడు పద్మనాభన్ లెక్కల్ని మళ్లీ ముందుకి తెచ్చి, సేన్ వాడిన పంట అంచనాలే నమ్మదగ్గవి కావన్నాడు. ఇక్కడ నాలాంటి సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌కి బాగా తెలిసిన ప్రశ్న ఒకటి వస్తుంది. అసలు ఆ డేటా ఎక్కడి నుంచి వచ్చింది?

మనం పదహారణాల తెలుగమ్మాయి అంటుంటాం కదా. రూపాయికి పదహారు అణాలు, కాబట్టి పదహారణాలు అంటే నిండుగా అని. బ్రిటిష్ కాలంలో పంటని కూడా అలాగే కొలిచేవారు. అధికారి పొలం చూసి, ఈసారి పన్నెండు అణాల పంట, ఎనిమిది అణాల పంట అని కంటి అంచనా వేసేవాడు. దాన్ని విస్తీర్ణంతో, మామూలు దిగుబడితో గుణిస్తే జిల్లా ఉత్పత్తి వచ్చేస్తుంది. అణావారీ అనే మాట ఇప్పటికీ రెవెన్యూ ఆఫీసుల్లో వినిపిస్తుంది.

మద్రాసు రాష్ట్రంలోని రైత్వారీ ఊళ్లలో, అంటే మన కోస్తా, సీమ ఊళ్లు చాలావాటిలో, కరణం ఉండేవాడు. ఏ సర్వే నంబర్‌లో ఏం వేశారో అడంగల్‌లో రాసేవాడు. అందులో తప్పులు, మాయలు ఉండొచ్చు, కానీ ఊరి స్థాయిలో ఒక రికార్డు ఉండేది. బెంగాల్ జమీందారీ శాశ్వత శిస్తు కింద ఉన్న ప్రాంతం. జమీందారు కట్టాల్సిన శిస్తు ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది కాబట్టి, ప్రతి పొలంలో ఏం పండిందో ఏటా రాసే యంత్రాంగం ప్రభుత్వానికి అక్కడ లేదు. కింద చౌకీదారులు, సర్కిల్ అధికారులు చెప్పిందే పైకి వెళ్లేది.

ఇప్పుడు తాలు గింజల పాయింట్‌కి రండి. దూరం నుంచి పచ్చగానో పసుపుగానో నిలబడ్డ చేనుని చూసి, అది ఎన్ని అణాలో చెప్పమంటే, లోపల గింజ పాలు పోసుకుందో లేదో కంటికి ఎలా తెలుస్తుంది? ఈ తెగులు విషయంలో కంటి అంచనా మోసపోయే ఛాన్స్ చాలా ఎక్కువ.

అలాగని పద్మనాభన్ లెక్కని మొత్తం బెంగాల్‌కి అతికించలేం. ఆయన చూపించింది రెండు పరిశోధన కేంద్రాల చేలు. అక్కడ వేసిన రకాలు, ఊళ్లలో వేసిన వందలాది నాటు రకాలు ఒకటి కావు. తూర్పు బెంగాల్‌లో ఎంత పోయిందో బాంకురా చెప్పలేదు. కాబట్టి నిజాయితీగా చెప్పుకోవాలంటే, పంట దెబ్బతింది, చాలాచోట్ల గట్టిగానే దెబ్బతింది. కానీ దాన్ని ఒక శాతంగా కుదించి చెప్పే కొలత ఆ రోజు ఎవరూ తీసుకోలేదు. కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ అప్పటికే జనపనార పంట మీద శాంపిల్ సర్వేలు మొదలుపెట్టారు. అదే పద్ధతి 1942 అమన్ మీద పూర్తిగా పెట్టి ఉంటే, ఈ వాదనలో సగం ఉండేది కాదు.

"అనావృష్టి లేదు, కాబట్టి అంతా చర్చిలే"

2019లో ఐఐటీ గాంధీనగర్‌కి చెందిన విమల్ మిశ్రా టీమ్ ఒక పరిశోధన ప్రచురించింది. 1870 నుంచి మన దేశంలో వచ్చిన కరువుల్ని నేలలోని తేమతో పోల్చి చూశారు. పెద్ద కరువుల్లో చాలావరకు నేల ఎండిపోవడంతో ముడిపడి ఉన్నాయి. 1943 బెంగాల్ మాత్రం అలా లేదు. వెంటనే మీడియాలో హెడ్‌లైన్లు వచ్చేశాయి, ప్రకృతి తప్పేం లేదని సైన్స్ తేల్చేసింది అని.

ఆ పరిశోధన చెప్పింది కరెక్టే. అనావృష్టి లేదు. కానీ మన ఫంగస్‌కి కావాల్సింది అనావృష్టి కాదు కదా, తడి! నేలలో తేమ బాగుంది అనే మాట, పంట బాగుంది అనే మాట ఒకటి కావు. ఇది వాతావరణం గురించి మాట్లాడేటప్పుడు మనం తరచూ చేసే పొరపాటు. వాన పడలేదా, కరువు. వాన పడిందా, హ్యాపీ. ఆ వాన ఎప్పుడు పడింది, ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంది, రాత్రి ఎంత వెచ్చగా ఉంది అనేవి మన లెక్కలోకే రావు.

మరి జనం చచ్చిపోయింది ఎందుకు?

ఇప్పుడు రెండు ముక్కలూ కలిపి చూద్దాం. కలకత్తాలో బియ్యం మణుగు, అంటే సుమారు 37 కిలోలు, 1942 డిసెంబర్‌లో 13, 14 రూపాయలు ఉండేది. 1943 మే నాటికి 30 దాటింది. అక్టోబర్ నాటికి ఢాకాలో 100 దాటింది. కూలీకి వచ్చే డబ్బులు ఆ స్పీడ్‌లో పెరగలేదు. యుద్ధం వల్ల కలకత్తాలో ఫ్యాక్టరీ పనివాళ్లకి, సైన్యానికి, ప్రభుత్వ ఉద్యోగులకి బియ్యం ముందు దక్కేలా ఏర్పాట్లు జరిగాయి. పల్లెల్లో ధర మండిపోయింది. ఇతర రాష్ట్రాలు తమ ధాన్యాన్ని బయటికి పోనివ్వలేదు. లండన్‌లో యుద్ధ మంత్రివర్గం ఓడలు కావాలన్న అభ్యర్థనల్ని మళ్లీ మళ్లీ కాదంది, లేదా అడిగినదాంట్లో కొంచెమే ఇచ్చింది. కరువు అని అధికారికంగా ప్రకటించనే లేదు.

పోయినవాళ్లు ఎవరో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. వ్యవసాయ కూలీలు, జాలర్లు, పడవ నడిపేవాళ్లు, వడ్లు దంచి పొట్ట పోసుకునే ఆడవాళ్లు. సొంత పొలం, ఇంట్లో గాదె ఉన్నవాళ్లు చాలావరకు నిలబడ్డారు. ఫంగస్ కులం చూడలేదు, ఆస్తి చూడలేదు. ధర చూసింది. కమిషన్ 15 లక్షల మంది చనిపోయారంది. తర్వాతి పరిశోధకుల అంచనాలు 21 లక్షల నుంచి 30 లక్షల దాకా వెళ్లాయి. వాళ్లలో చాలామంది 1943 డిసెంబర్ పంట ఇంటికొచ్చాక, మలేరియా, కలరా, మశూచి లాంటి జబ్బులతో పోయారు.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. పద్మనాభన్‌ని నమ్మితే సేన్‌ని కొట్టిపారేయాల్సిన అవసరం లేదు. తెగులు పంటని తగ్గించింది. తగ్గిందన్న వాసన మార్కెట్‌కి తగలగానే ధర ఎగిరింది. ఆ ధర నుంచి పేదవాణ్ణి కాపాడే శక్తి ఉన్న ప్రభుత్వం ఆ పని చేయలేదు. 1845లో ఐర్లాండ్‌లోనూ ఇదే కథ. బంగాళదుంప తెగులు బెల్జియంలో, హాలండ్‌లో కూడా వచ్చింది. సుమారు పది లక్షల మంది పోయింది మాత్రం ఐర్లాండ్‌లో. ఫంగస్ పేరు చెప్పి పాలకుల్ని వదిలేయకూడదు, పాలకుల పేరు చెప్పి ఫంగస్‌ని మర్చిపోకూడదు.

ఇది మనకి ఎందుకు

1942లో జరిగినదాన్ని వాతావరణ మార్పు అనలేం. అది ఒక చెడ్డ సీజన్. కానీ ఇప్పుడు మారుతున్నవి సరిగ్గా ఆ సీజన్‌ని చెడగొట్టిన మీటలే. రాత్రుళ్లు వెచ్చబడుతున్నాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అందుకే వాన పడితే కుండపోత అవుతోంది. బాగా ఎండి వేడెక్కే చోట్ల కొన్ని తెగుళ్లు తగ్గుతాయి కూడా. అంటే అంతా పెరుగుతుందని కాదు. మ్యాప్ మారుతుంది. 2013లో బ్రిటన్ పరిశోధకులు వందలాది పురుగులు, తెగుళ్ల రికార్డులు చూస్తే, 1960 నుంచి అవి సగటున ఏడాదికి సుమారు 2.7 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల వైపు జరుగుతున్నట్టు తేలింది.

మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. మన రైతులకి వరిలో అగ్గి తెగులు తెలుసు కదా. దాని దాయాది ఒకటి 1985లో బ్రెజిల్‌లో గోధుమకి పట్టింది. చాలాకాలం దక్షిణ అమెరికాలోనే ఉండిపోయింది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌లో తేలింది, సుమారు 15,000 హెక్టార్లని కొట్టింది. జన్యు పరీక్షలు చేస్తే దక్షిణ అమెరికా మూలమే అని తెలిసింది. అంత దూరం గాలి మోసుకురాలేదు, ధాన్యం వ్యాపారంతో వచ్చి ఉంటుందని అంచనా. వచ్చాక దానికి కావాల్సిన వెచ్చటి తడి వాతావరణం సిద్ధంగా దొరికింది. సరిహద్దుకి ఇవతల ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లో గోధుమ వేయొద్దని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆపేయాల్సి వచ్చింది.

ఇక మన సంగతి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. సరిగ్గా కోతల టైమ్. పడిపోయిన చేలు, మొలకెత్తిన కంకులు, రోడ్ల మీద తడిసిన ధాన్యం మీరూ చూసే ఉంటారు. 1942 మిడ్నపూర్‌కి, దీనికి పోలిక ఎంతవరకు? ఆహార భద్రత చట్టం ఉంది, రేషన్ షాపు ఉంది, గోడౌన్లలో నిల్వలు ఉన్నాయి, తెగులు తట్టుకునే రకాలు ఉన్నాయి. లక్షల మంది ఆకలితో పోయే రోజు కాదిది. ఆ రక్షణలన్నీ బెంగాల్ లాంటి అనుభవాల తర్వాత కట్టుకున్నవే.

కానీ ఒక సమస్య అప్పటిదే ఇప్పటికీ ఉంది. పంట ఎంత పోయిందో ఎవరు కొలుస్తారు, ఎవరి పేరు మీద రాస్తారు? ఇప్పుడు పంట కోత ప్రయోగాలు ఉన్నాయి, శాటిలైట్ ఫొటోలు ఉన్నాయి. కంటి అంచనా కంటే చాలా నయం. అయినా పైనుంచి తీసిన ఫొటోలో నీళ్లలో మునిగిన చేను కనిపించినంత సులువుగా, తాలు పట్టిన చేను కనిపించదు. రికార్డులో భూమి యజమాని పేరుంటే, దున్నింది కౌలు రైతు అయితే, ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? తెగులు వచ్చిన ఏడాది అప్పు మాత్రం కచ్చితంగా కౌలు రైతు ఖాతాలోనే ఉంటుంది.

సో, ఈసారి ఎవరైనా బెంగాల్ కరువు మీద ఒక్క ముక్క సమాధానం ఫార్వర్డ్ చేస్తే, ఒక్క ప్రశ్న అడగండి. ఆ ఏడాది పంటని ఎవరు, ఎలా కొలిచారు అని. అలాగే మీ ఊళ్లో ఈ సీజన్ వరికో, మిరపకో ఏ తెగులు వచ్చింది, నష్టం రాసుకోవడానికి ఎవరైనా పొలంలోకి దిగారా, లేక గట్టు మీద నుంచే చూసి వెళ్లారా, కామెంట్స్‌లో రాయండి. ఊరు, పంట, నెల రాస్తే చాలు.